చీరల వీడియోల్లో రంగు మారిపోతోంది, నల్ల చారలు వస్తున్నాయి: కెమెరా కొనాలా, లైట్లు మార్చాలా?

వన్‌టౌన్_చీరలకొట్టు:

విజయవాడ వన్‌టౌన్‌లో మాది చిన్న చీరల కొట్టు. పదడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల లోతు. సరుకు ఎక్కువగా మంగళగిరి కాటన్, మంగళగిరి పట్టు, కొంచెం వెంకటగిరి. ఫోన్‌తో వీడియోలు తీసి ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్‌లో పెడుతున్నాం. సింగిల్ పీస్ అయినా కొరియర్ చేస్తాం.

ఇబ్బందులు ఇవండీ. రాణి పింక్ చీర వీడియోలో ఎర్రగా కనబడుతోంది, వంకాయ రంగు నీలంలోకి పోతోంది. "వీడియోలో చూసిన రంగు ఇది కాదు" అని చీరలు వెనక్కి వస్తున్నాయి. కొన్ని వీడియోల్లో అడ్డంగా నల్ల చారలు పాకుతున్నాయి. జరీ అంచు సున్నం పూసినట్టు తెల్లగా వస్తోంది. మాట కూడా స్పష్టంగా లేదు.

కొట్టు సీలింగ్‌లో తెల్ల ఎల్ఈడీ ప్యానెళ్ళు, ర్యాకుల మీద పసుపు స్పాట్ లైట్లు ఉన్నాయి. షట్టర్ పడమటి ముఖం. మిర్రర్‌లెస్ కెమెరా కొనమని ఒకరు, నెలకు పన్నెండు రీల్స్ ప్యాకేజీ తీసుకోమని ఒక ఏజెన్సీ వాళ్ళు చెబుతున్నారు. డబ్బు ముందు దేనిమీద పెట్టాలి? వెనక సినిమా పాట పెట్టొచ్చా?

గవర్నర్‌పేట_కెమెరా:

కెమెరా ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన జబ్బులన్నీ లైట్లవీ, ఫోన్ ఆటో సెట్టింగులవీ. ఆ లైట్ల కిందే లక్ష రూపాయల కెమెరాతో తీసినా రాణి పింక్ ఎర్రగానే వస్తుంది.

ముందు చారల సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్. దానిమీద నడిచే చవక ఎల్ఈడీ వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి తెలియదు. ఫోన్ సెన్సార్ మాత్రం బొమ్మను వరస తర్వాత వరసగా చదువుతుంది కాబట్టి, వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరసలన్నీ నల్ల చారగా పడతాయి. షట్టర్ స్పీడ్ (ఒక్కో ఫ్రేముకి సెన్సార్ వెలుగు తీసుకునే సమయం, సెకన్లలో) 1/50 లేదా 1/100 దగ్గర కట్టేస్తే ప్రతి వరసకూ సమానంగా వెలుగు అంది చార పోతుంది. ఆటోలో వదిలేస్తే పడమటి ఎండ లోపలికి పడ్డప్పుడల్లా ఫోన్ తనంతట తాను 1/500 దాకా వెళ్ళిపోతుంది, అప్పుడే మీకు చారలు మొదలవుతాయి. పొద్దుగూకాక తీసినవాటిలో చారలు తక్కువగా ఉన్నాయేమో ఒకసారి చూడండి. ఇంకో మాట: డిమ్మర్‌తో తగ్గించిన ఎల్ఈడీలు వేరే వేగంతో ఆరి వెలుగుతాయి, వాటికి 1/50 కూడా పనిచేయకపోవచ్చు. లైటు పూర్తిగా వెలిగించి, వెలుగు ఎక్కువైతే దూరం జరపండి.

షట్టర్ స్పీడ్ కట్టేయడానికి ఫోన్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే అదే చాలు. లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితం. అది అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకూ రాదు, రానివాళ్ళకు ఓపెన్ కెమెరా ఉంది. సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ స్పీడ్ 1/50, ఐఎస్ఓ (సెన్సార్ వెలుగుని ఎంత పెంచి చూపాలనే అంకె) వీలైనంత తక్కువ.

ఇక రంగు. చీరల వీడియోకి ప్రాణం ఇదే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. మీ కొట్టులో ఒకే చీర మీద మూడు వెలుగులు పడుతున్నాయి. వెలుగు రంగుని కెల్విన్‌లో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పసుపు: తెల్ల ప్యానెల్ 6500 కెల్విన్ చుట్టుపక్కల, పసుపు స్పాట్ 3000, బయటి పగటి వెలుగు 5500 లేదా ఆపైన. చీర ఎడమ కుచ్చిళ్ళు ఒక రంగు, కుడి కుచ్చిళ్ళు ఇంకో రంగు అయ్యాక ఏ ఎడిటరూ సరిచేయలేడు. వీడియో తీసేటప్పుడు పసుపు స్పాట్లు పూర్తిగా ఆపేయండి. కొట్టు షట్టర్ సగం దించండి, లేదా మందపాటి తెర కట్టండి.

రెండో కారణం ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుని బట్టి ఫోన్ తనంతట తాను రంగులు సరిచేసుకోవడం. రాణి పింక్ చీర ఫ్రేమ్ నిండా పరిచారనుకోండి, కొట్టులో వెలుగే గులాబీ రంగులో ఉందని ఫోన్ అనుకుని దాన్ని తగ్గించేస్తుంది. పక్క చీర చిలకపచ్చ అయితే లెక్క మళ్ళీ మారుతుంది. అందుకే ఒకే వీడియోలో ఒక చీర తీసి ఇంకోటి పరిస్తే గోడ రంగు కూడా మారుతూ ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ లాక్ చేయడం తప్పనిసరి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, రికార్డ్ వీడియోలోకి వెళ్తే లాక్ వైట్ బ్యాలెన్స్ ఉంటుంది. ఆండ్రాయిడ్ ప్రో మోడ్‌లో కెల్విన్ అంకె మీరే పెట్టుకోవచ్చు. చీర ఉండే చోట గ్రే కార్డు (రంగు కొలతకు వాడే బూడిద రంగు అట్ట) నిలబెట్టి, అది ఏ ఛాయా లేని బూడిద రంగులో కనబడేదాకా అంకె జరిపి అక్కడ ఆపండి. పరుపు మీది తెల్ల దుప్పటిని కొలతకు వాడకండి. నీలిమందు పెట్టి ఉతికిన తెలుపు నిజమైన తెలుపు కాదు, కాస్త నీలం కలిసి ఉంటుంది. జిరాక్స్ కాగితానిదీ అదే బాధ.

మూడోది లైటు నాణ్యత. పెట్టె మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో వందకి చెబుతుంది. మామూలు ప్యానెళ్ళు 80 దగ్గర ఉంటాయి. వాటి కింద ముదురు ఎరుపులు, గులాబీలు, మెరూన్‌లు చచ్చిపోతాయి. 95 పైన ఉన్నది కొనండి, ఆర్9 (ముదురు ఎరుపుకి ఇచ్చే అంకె) అని విడిగా రాసి ఉంటే అది 90 దాటిందో లేదో చూడండి. మీ కొట్టుకి 60 వాట్ల సీఓబీ లైటు (వీడియోకి వాడే ఒంటి ఎల్ఈడీ లైటు) ఒకటి, 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (లైటుకి తగిలించి వెలుగుని మెత్తబరిచే తెల్ల గుడ్డ పెట్టె) ఒకటి, గట్టి స్టాండు ఒకటి చాలు. చీర నుంచి ఐదడుగుల దూరంలో, ఎడమ ముందువైపు 45 డిగ్రీల కోణంలో, మనిషి తల కంటే అడుగు ఎత్తున పెట్టండి. కుడివైపు రెండో లైటు అక్కర్లేదు. నాలుగడుగుల థర్మోకోల్ షీటు నిలబెడితే నీడలు మెత్తబడతాయి. ఎర్ర తివాచీ, రంగు గోడ, నియాన్ బోర్డు ఏదైనా దగ్గర్లో ఉంటే దాని ఛాయ తెల్ల చీర మీద పడుతుంది, తీసేయండి.

జరీ అద్దం లాంటిది. ఎదురుగా చిన్న బల్బు ఉంటే ఆ బల్బునే చూపిస్తుంది, అందుకే తెల్లటి చుక్కలుగా పేలిపోతుంది. ఎదురుగా వెడల్పాటి సాఫ్ట్‌బాక్స్, థర్మోకోల్ ఉంటే పోగు పోగునా బంగారు ఛాయ వస్తుంది. ఎక్స్‌పోజర్ (వీడియోలో వెలుగు ఎంత రావాలన్నది) జరీని చూసి పెట్టండి, చీర ఒంటిని చూసి కాదు. జరీలో గీతలు విడివిడిగా కనబడేదాకా తగ్గించి లాక్ చేయండి. చీర కాస్త ముదురుగా వచ్చినా ఎడిటింగ్‌లో ఎత్తొచ్చు, తెల్లబడిపోయిన జరీని తిరిగి తేలేం.

ఫోన్‌ని చీర నుంచి ఏడెనిమిది అడుగుల దూరంలో, ఛాతీ ఎత్తులో ట్రైపాడ్ మీద పెట్టి 2ఎక్స్ లెన్సుతో తీయండి. వైడ్ లెన్సుతో దగ్గర్నుంచి తీస్తే అంచు వంకర పోతుంది. ఐఫోన్ అయితే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని మరింత చూపే పద్ధతి) వీడియో ఆపేయండి. ఆ ఫైలు వాట్సాప్ దాటి ఇంకో ఫోన్‌లోకి వెళ్ళేసరికి కొన్నిచోట్ల వెలిసిపోయి, కొన్నిచోట్ల మండిపోతూ కనబడుతుంది. బ్యూటీ ఫిల్టర్, ఏఐ సీన్ లాంటివి ఏ ఫోన్‌లోనైనా ఆపేయాల్సిందే.

బ్రాడీపేట_సౌండ్:

మాట విషయంలో చీరల కొట్టు అదృష్టమైన చోటు. ర్యాకుల నిండా గుడ్డ ఉంటుంది కాబట్టి ప్రతిధ్వని రాదు. మీకు అడ్డొచ్చేది ఫ్యాను, వీధి హారన్లు, ఫోన్ మైకు దూరం. ఏడడుగుల దూరంలో ఉన్న ఫోన్ మీ గొంతు కంటే ఫ్యానునే బాగా వింటుంది.

వైర్‌లెస్ కాలర్ మైకు కొనండి, రిసీవర్ ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలో గుచ్చేది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మైకు వద్దు, అది ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది. మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. పట్టు పైటకి పెడితే కదిలినప్పుడల్లా గరగర వస్తుంది, కాటన్ జాకెట్టు అంచుకి పెట్టండి. చీర చూపించే అమ్మాయి గాజులు, భుజం పిన్నుకి వేలాడే గొలుసు తీసేయమనండి. సీలింగ్ ఫ్యాను ఆపండి, ఏసీ ఉంటే ఫ్యాన్ స్పీడ్ తక్కువలో పెట్టండి. రికార్డింగ్ యాప్‌లో కనబడే శబ్దం లెవెల్ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడాలి, గట్టిగా మాట్లాడినా మైనస్ 6 దాటకూడదు. వేసవిలో ఫ్యాను ఆపి తీస్తారు కాబట్టి ఫోన్ కవర్ తీసేయండి, ఛార్జింగ్ పెట్టి తీయకండి. వేడెక్కితే ఫోన్ ముందు స్క్రీన్ వెలుగు తగ్గిస్తుంది, ఆ తర్వాత రికార్డింగే ఆపేస్తుంది. స్క్రీన్ మసకబారితే ఎక్స్‌పోజర్ అంచనా కూడా తప్పుతుంది.

సినిమా పాట పెట్టకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో బిజినెస్ ఖాతాకి పాటల జాబితా తక్కువగా ఇవ్వడానికి కారణమే అది: వ్యాపారానికి వాడుకునే హక్కు ఆ పాటలకి లేదు. పర్సనల్ ఖాతాకి మార్చి పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. అప్పుడు మీ యాడ్స్, ఇన్‌సైట్స్ పోతాయి, హక్కుల సమస్య మాత్రం అలాగే ఉంటుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో నిమిషం దాటిన వీడియోకి కంటెంట్ ఐడీ క్లెయిమ్ (ఆ పాట మాది అని హక్కుదారు యూట్యూబ్ ద్వారా పెట్టే దావా) ఉంటే వీడియో మొత్తం బ్లాక్ అవుతుంది. బదులుగా వాడుకోవడానికి యూట్యూబ్ ఆడియో లైబ్రరీ, మెటా సౌండ్ కలెక్షన్ ఉన్నాయి. మెటాది ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వరకే. అసలు చీర గురించి చెప్పే మాట ఉన్న వీడియోకి పాట అవసరం తక్కువ. పెట్టినా గొంతు కంటే 20 డెసిబెల్స్ కిందికి దించండి.

వన్‌టౌన్_చీరలకొట్టు:

చాలా థ్యాంక్సండీ. పసుపు స్పాట్లు ఆపి, షట్టర్ 1/50 పెట్టి తీశాం, చారలు పోయాయి. కానీ చిన్న గళ్ళ మంగళగిరి చీరలో గళ్ళు పాములా కదులుతున్నట్టు కనబడుతోంది. చీర కదపకపోయినా అంతే. అలాగే వ్యూస్ వేలల్లో వస్తున్నా కొట్టుకి వచ్చేవాళ్ళు లేరు.

గవర్నర్‌పేట_కెమెరా:

దాన్ని మోరే అంటారు. గళ్ళ సందులూ సెన్సార్ పిక్సెళ్ళ సందులూ దాదాపు సమానమైనప్పుడు లేని అలలు పుడతాయి. ఫోన్ అర అడుగు ముందుకో వెనక్కో జరపండి, లేదా చీరని కాస్త ఏటవాలుగా పట్టుకోండి. 4కేలో తీసి ఎడిటింగ్‌లో 1080కి దించితే ఇంకా తగ్గుతుంది. షార్ప్‌నెస్ పెంచే సెట్టింగు ఏదున్నా ఆపండి. నిర్ణయించే ముందు వీడియోని పూర్తి స్క్రీన్‌లో చూడండి, చిన్న ప్రివ్యూలో కనబడేది కొన్నిసార్లు ఫైల్లో ఉండదు.

మంగళగిరి_మగ్గం:

రంగు లాక్ చేశాక ఇంకొకటి ఉంది. నెమలికంఠం, డబుల్ షేడ్ చీరల్లో పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డ పోగులు) ఇంకో రంగు. పరిచి పైనుంచి తీస్తే ఒకటే కనబడుతుంది. చీర కొనను రెండు చేతులతో పట్టుకుని లైటు వైపు నెమ్మదిగా వంచి, మళ్ళీ నిలువుగా తేవాలి. ఆ మూడు నాలుగు సెకన్లలో రెండు రంగులూ దొర్లుతాయి. ఇది చూసి కొన్నవాళ్ళు రంగు వేరు అని తిప్పి పంపరు.

చేనేత కొనేవాళ్ళు చూడాలనుకునేది దగ్గరగా చూపించండి. అంచు వెనకవైపు తిప్పండి. అంచు పక్కన చీర పొడవునా ఉండే సన్నటి సూది రంధ్రాలు చూపించండి, నేసేటప్పుడు బట్టని వెడల్పుగా లాగిపట్టే పుల్ల మొనలవి. నూలు సన్నదనం 80 కౌంటా 100 కౌంటా, జరీ రకం టెస్టెడా హాఫ్ ఫైనా చెప్పండి. పొడవు అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క విడిగా ఎంతో చెప్పండి. చేత్తో ఉతకాలా డ్రైక్లీనింగా చెప్పండి. హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉన్న చీరకి ఆ లేబుల్ ఫ్రేములో పెట్టండి. మరమగ్గం సరుకు కూడా అమ్ముతుంటే అది మరమగ్గం అనే చెప్పి అమ్మండి. గుంట మగ్గం దగ్గర తీసిన దృశ్యం ముందు అతికించి వెనక మరమగ్గం చీర చూపించడం నేతగాడి నోటి దగ్గర కూడు లాగడమే.

పట్నంబజార్_ఆన్‌లైన్:

వ్యూస్ వేరు, బేరం వేరు. కొట్టుకి మనుషులు రావాలంటే ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్‌లో మీ కొట్టు వివరాలు చూపే పేజీ) సరిగ్గా ఉండాలి. పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. "బెస్ట్ హోల్‌సేల్ చీరలు విజయవాడ" లాంటివి పేరుకి తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. వెరిఫికేషన్ వీడియో అడిగితే ఆపకుండా ఒకటే షాట్ తీయాలి: వీధి, పక్క కొట్ల బోర్డులు, మీ బోర్డు, షట్టర్ తాళం మీరే తీయడం, లోపల సరుకు, బిల్లింగ్ కౌంటరు. మధ్యలో కట్ చేస్తే తిరస్కరిస్తారు. ప్రొఫైల్‌లో పెట్టే వీడియో 30 సెకన్లు, 75 ఎంబీ దాటకూడదు. అక్కడ చీర వీడియో కంటే దారి వీడియో ఎక్కువ పనిచేస్తుంది. కాళేశ్వరరావు మార్కెట్ వైపు నుంచి వచ్చేవాళ్ళు ఎక్కడ తిరగాలి, బండి ఎక్కడ పెట్టుకోవాలి, మీ కొట్టు ఎన్నో గుమ్మం అనేది నడుస్తూ చూపించండి. వన్‌టౌన్ సందుల్లో మ్యాప్ చుక్క ఒక వీధి అటూ ఇటూ పడుతుంది, పిన్ సరిగ్గా గుమ్మం మీదికి జరపండి.

ప్రతి చీరకీ ఒక కోడ్ ఇచ్చి, కోడూ ధరా ఫ్రేములో పైన ఎడమవైపు పెట్టండి. కస్టమర్ స్క్రీన్‌షాట్ తీసి పంపగానే ఏ చీరో మీకు తెలియాలి. కింద, కుడివైపు పెడితే రీల్స్ బటన్లు కప్పేస్తాయి. "ధర ఇన్‌బాక్స్‌లో" అని రాయకండి, సగం మంది అక్కడే వదిలేస్తారు. షార్ట్స్ వివరణలో, కామెంట్లలో లింకులు 2023 ఆగస్టు 31 నుంచి నొక్కడానికి పనిచేయవు, కాబట్టి వాట్సాప్ నంబరు తెరమీద కనబడాలి, నోటితో కూడా చెప్పాలి. టైటిల్‌లో తెలుగుతో పాటు ఇంగ్లీషు అక్షరాల్లో కూడా చీర పేరు, ఊరు పేరు రాయండి. చాలామంది అలాగే వెతుకుతారు.

వాట్సాప్ స్టేటస్, బ్రాడ్‌కాస్ట్ అనేవి మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరతాయి. బ్రాడ్‌కాస్ట్ ఒక జాబితాకి 256 మంది. అందుకని బిల్లు కొట్టేటప్పుడే కస్టమర్ చేత నంబరు సేవ్ చేయించండి. రంగు అడిగినవాళ్ళకి వీడియోని హెచ్‌డీలో గానీ డాక్యుమెంట్‌గా గానీ పంపండి, మామూలుగా పంపితే కుదింపులో గళ్ళు, జరీ ముద్దయిపోతాయి.

తెరమీద తెలుగు రాసేటప్పుడు యూనికోడ్ ఫాంట్లే వాడండి: రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ ఉచితంగా దొరుకుతాయి. డీటీపీ వాళ్ళిచ్చిన, యూనికోడ్ కాని 'అను' ఫాంట్ల అక్షరాలు టైటిల్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఎడిటింగ్ యాప్ ఖరారు చేసేముందు అందులో "వస్త్రం", "స్త్రీ" రాసి చూడండి. ఒత్తులు విడిపోతే ఆ యాప్ తెలుగుకి పనికిరాదు.

బ్రాడీపేట_సౌండ్:

ఏజెన్సీ గురించి ఎవరూ చెప్పలేదు. ప్యాకేజీ తీసుకున్నా ఖాతాలన్నీ మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరు మీదే ఉండాలి. గూగుల్ ప్రొఫైల్‌లో ఓనర్ మీరు, వాళ్ళకి మేనేజర్ హోదా. యూట్యూబ్‌లో స్టూడియో పర్మిషన్స్ నుంచి ఎడిటర్ హోదా ఇవ్వొచ్చు, పాస్‌వర్డ్ చెప్పనక్కర్లేదు. యాడ్ డబ్బు మీ కార్డు నుంచే నేరుగా మెటాకి పోవాలి, వాళ్ళ ఫీజు వేరే. రంగు సరిచేయని అసలు ఫైళ్ళు నెలనెలా హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలని ముందే రాయించుకోండి. పన్నెండు రీల్స్ అన్నప్పుడు ఎన్ని రోజులు షూటింగ్‌కి వస్తారు, లైటు తెస్తారా, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు అనేవి అడగండి. శాంపిల్‌గా మీ కొట్టులోనే ఒక రాణి పింక్, ఒక వంకాయ రంగు, ఒక చిన్న గళ్ళ చీర తీయించండి. ఆ వీడియో వాట్సాప్‌లో తెప్పించుకుని, రెండు మూడు వేర్వేరు ఫోన్లలో పెట్టి, చీర పక్కన పట్టుకుని పగటి వెలుగులో పోల్చి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.